సెల్ఫ్ తిరుగుతుంది, బండి అందుకోదు: పాత జిప్సీకి ఎంపీఎఫ్‌ఐ ఎక్కించాక

కార్బ్యురేటర్ ఉన్న మారుతి జిప్సీలోకి 2000 తర్వాతి జీ13బీబీ (ఎంపీఎఫ్‌ఐ, అంటే ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే) ఇంజన్‌ని వైరింగు, ఈసీఎం (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్)తో సహా దించారు. సెల్ఫ్ కొడితే బాగానే తిరుగుతోంది, అందుకోవట్లేదు. ఇక్కడ అందరూ పరిగెత్తేది ఫ్యూయల్ పంపు కొనడానికే. ఆగండి, ముందు మల్టీమీటర్ తీయండి.

సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర 9.6 వోల్టుల కిందికి పోతే అసలు దోషి బ్యాటరీయే. అలాగే సెల్ఫ్ కొడుతూనే బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజన్ బ్లాక్‌కీ మధ్య చూడండి. అర వోల్టు దాటితే ఎర్త్ సరిగా లేదు. పెయింటు గీకకుండా బోల్టు బిగించి ‘ఎర్త్ ఇచ్చాం’ అనేవాళ్లకి చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది.

రెండూ బాగుంటే ఇది చదవండి.

లక్షణం: కీ ఆన్ చేయగానే పంపు రెండు సెకన్లు మోగుతుంది. స్కానర్‌లో ఏ ఫాల్ట్ కోడూ ఉండదు. సెల్ఫ్ కొట్టినంతసేపూ చలనం ఉండదు. విసుగొచ్చి కీ వదిలిన క్షణంలో మాత్రం ‘ఢుబ్’మని అందుకోబోతుంది, ఒక్కోసారి అందుకుంటుంది కూడా.

కారణం: ఈసీఎంకి కీ సప్లై ఇచ్చిన వైరు. సెల్ఫ్‌కి కరెంటు మిగలాలని, కీ స్టార్ట్‌లోకి తిప్పగానే రేడియో, ఫ్యాను లాంటివాటి సప్లైని స్విచ్చే ఆపేస్తుంది. చేతికి దగ్గరగా ఉందని ఆ వైరుకే ఈసీఎంని కలిపారు. కీ ఆన్‌లో అంతా బతికే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. సరిగ్గా ఇంజన్ తిరిగేటప్పుడే ఈసీఎం చచ్చిపోతుంది. కీ వదిలితే సప్లై తిరిగొస్తుంది, ఇంజన్ ఇంకా అర సెకను తిరుగుతూ ఉంటుంది. ఆ ‘ఢుబ్’ అదే.

ఒక బండి మీద నాకు రెండు రోజులూ ఒక కొత్త పంపూ దండగ. అరువు తెచ్చిన ఈసీఎం కూడా మార్చి చూశాను. చివరికి కుర్రాడు సెల్ఫ్ కొడుతుంటే పక్క సీట్లోంచి గమనించాను: సెల్ఫ్ తిరగ్గానే చెక్ ఇంజన్ లైటు ఆరిపోతోంది! మొదటి రోజే డ్యాష్‌బోర్డు వైపు చూసుంటే సరిపోయేది.

రుజువు కావాలంటే ఈసీఎం కీ సప్లై వైరుకి టెస్ట్ ల్యాంప్ పెట్టి సెల్ఫ్ కొట్టించండి. ఆరిపోతే దొరికినట్టే. బాగా మసకబారితే కీ స్విచ్ లోపలి కాంటాక్టులు కాలిపోయాయి, స్విచ్ మార్చండి.

పరిష్కారం: పాత ఇగ్నిషన్ కాయిల్ పాజిటివ్‌కి వెళ్లే వైరు పట్టుకోండి. కార్బ్యురేటర్ ఇంజన్‌కైనా సెల్ఫ్ కొట్టేటప్పుడు స్పార్క్ కావాలి కదా, అది ఆన్‌లోనూ స్టార్ట్‌లోనూ బతికుంటుంది. అయినా లోడంతా దాని మీద వేయొద్దు. దాన్ని రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) 86వ పిన్నుకి ఇవ్వండి, 85 ఎర్త్‌కి. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా 30కి, 87 నుంచి ఈసీఎంకి. కాయిల్‌కి బలాస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కి వెళ్లే వోల్టేజీ తగ్గించేది) ఉన్న బండైతే వైరు దానికి ముందే తీసుకోండి.

స్టార్టయ్యాక వచ్చే తంటాలు వేరు. ట్యాంకు పావుకి వచ్చాక మలుపుల్లో ఆగిపోతుంటే, పాత ట్యాంకులో పెట్రోలు పక్కకి పోయి పంపు గాలి పీలుస్తోంది. చిన్న సర్జ్ ట్యాంకు (పంపుకి ఎప్పుడూ పెట్రోలు అందేలా నిండుగా ఉంచే డబ్బా) పెట్టండి. పాత పెట్రోలు పైపులు మాత్రం ఉంచకండి. కార్బ్యురేటర్‌కి అర బార్ ఒత్తిడి కూడా అక్కర్లేదు, ఇక్కడ దాదాపు 3 బార్. ఐడిల్ ఊగుతుంటే మ్యానిఫోల్డ్ దగ్గర గాలి లీకు. ఈసీఎం పోవడం చాలా అరుదు, చివరి వరకూ దాన్ని ముట్టుకోకండి.

నల్లపొగ వస్తూ మైలేజీ పడిపోతే థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు) ఉందో లేదో చూడండి. వేడెక్కకుండా ఉంటుందని ఎవరో పీకేసి ఉంటారు. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీఎం పెట్రోలు పోస్తూనే ఉంటుంది.