శ్రావణంలో రవ్వలు కొనబోయేవాళ్ళు ముందే చూసుకోవాల్సినవి

శ్రావణం వచ్చిందంటే విశాఖ కురుపాం మార్కెట్‌లో నడవడానికి చోటుండదు, ద్వారకానగర్ షోరూముల్లోనూ అదే రద్దీ. పెళ్ళికో వరలక్ష్మీ వ్రతానికో రవ్వల నగ కొనాలనుకుంటే, ఇంకా తీరిక ఉండగానే ఈ సంగతులు తెలుసుకోండి.

మా చెల్లి ఉంగరంలో అరక్యారెట్ రవ్వ ఉండేది. కంటికి ఒక్క మచ్చ కనిపించదు, ధర కూడా తక్కువే అనిపించింది. వేలికి వదులైందని ఆచారి దగ్గర సైజు తగ్గించాం. ఆయన రాయి తీయకుండానే గ్యాస్ మంట టార్చ్ పెట్టారు. చల్లారాక చూస్తే రవ్వ లోపల వెంట్రుకల్లాంటి తెల్లటి గీతలు, పక్కనే పొగ పట్టినట్టు మసక. ఆచారిదే తప్పనుకున్నాం. కానీ ఆ పగుళ్ళు మొదటినుంచీ ఉన్నవే. వాటిలో సీసం కలిసిన గాజు నింపి కనబడకుండా చేశారు, వేడికి అది చెడిపోయింది. అమ్మిన షాపు ఈ మాట నోటితో చెప్పలేదు, బిల్లులోనూ రాయలేదు. చెల్లి ఏడుపు చూశాక ఈ విషయం అందరికీ చెప్పాలనిపించింది.

ఇలా లోపాలు కనబడకుండా ట్రీట్ చేసిన రవ్వ నకిలీ కాదు, వజ్రమే. నల్లమచ్చ దాకా లేజర్‌తో సన్నటి రంధ్రం వేసి యాసిడ్‌తో తెల్లబరుస్తారు, అది శాశ్వతంగా ఉంటుంది. అధిక వేడి, ఒత్తిడితో గోధుమ ఛాయ తీసేయడమూ అంతే. పగుళ్ళు నింపడం, పైన పూత పూయడం మాత్రం నిలవని పనులు. ల్యాబ్‌లో పెంచిన వజ్రం వేరే సంగతి, రెంటినీ కలిపేసుకోవద్దు. షాపులో రాయికి ఆనించి చూపే టెస్టర్ పెన్ ఈ తేడాలేవీ చెప్పలేదు.

రాయిని నగలో బిగించకముందే చూడండి. పది రెట్లు పెద్దగా చూపే లూప్ అడిగి, రవ్వను మెల్లగా అటూ ఇటూ వంచండి. నింపిన పగులు దగ్గర నారింజ, ఊదా, నీలం మెరుపు ఒక్క క్షణం కనిపించి మాయమవుతుంది. మచ్చ దాకా తెల్లటి దారంలా గీత ఉంటే అది లేజర్ దారి. రంగు చూడాలంటే షోరూమ్ లైట్లు వద్దు. గుమ్మం దాకా వచ్చి, పగటి వెలుగులో తెల్లకాగితం మీద రాయిని బోర్లించి చూడండి.

సర్టిఫికెట్‌లో గ్రేడ్ ఒక్కటీ చూసి ఆగకండి, కింద కామెంట్స్ వరుస చదవండి. ట్రీట్‌మెంట్ ఉంటే అక్కడ రాస్తారు. పగుళ్ళు నింపిన రాళ్ళకు వజ్రాలను పరీక్షించే జీఐఏ ల్యాబ్ గ్రేడింగ్ రిపోర్టే ఇవ్వదు. రిపోర్ట్ నంబరును ల్యాబ్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. ఇక హాల్‌మార్క్‌తో పాటు నగ మీద వేసే, అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు గుర్తుల హెచ్‌యూఐడీ కోడ్ బంగారానికే, రవ్వ గురించి అది ఏమీ చెప్పదు.

ధర దగ్గర చాలామంది మోసపోతారు. క్లారిటీ అంటే లోపల మచ్చలు, పగుళ్ళు ఎంత తక్కువో చెప్పే గ్రేడ్. నింపిన రాయి మెరుగైన ఎస్‌ఐ1 గ్రేడ్‌లా మెరిసినా, నింపకముందు అది లోపాలు కంటికే కనబడే ఐ2 అయ్యుండొచ్చు. అందుకే రెండు ధరలు అడగండి: అదే బరువు, రంగు, కట్ ఉన్న ట్రీట్ చేయని ఎస్‌ఐ1 ధర ఒకటి, ట్రీట్ చేయని ఐ2 ధర ఒకటి. న్యాయమైన ధర ఐ2కే దగ్గరగా ఉండాలి. ‘మామూలు రవ్వ మీద పది శాతం తగ్గించాం’ అంటే నా లెక్కలో అది తగ్గింపే కాదు. అదే సైజు ల్యాబ్ వజ్రం ధర కూడా కనుక్కోండి. మెరుపు కోసమే కొంటుంటే అదే మేలనిపించవచ్చు.

ఏడు రాళ్ళ దిద్దుల్లో మొత్తం ఒక క్యారెట్ ఉందంటే అది ఒంటి రవ్వ క్యారెట్ ధర కాదు, చాలా తక్కువుండాలి. క్యారెట్ అంటే 0.2 గ్రాములు. ఆ బరువును బంగారం తూకంలోంచి తీసేశారో లేదో చూసుకోండి.

బిల్లులో రాయి బరువు, రంగు, క్లారిటీ, ఏ ట్రీట్‌మెంటో, తిరిగి ఎంతకు కొంటారో, అన్నీ విడివిడిగా రాయించుకోండి. ‘మా మీద నమ్మకం లేదా అమ్మా?’ అంటే, ‘నమ్మకం ఉంది బాబూ, రాసివ్వండి’ అనండి. రాయకపోతే లేచి వచ్చేయండి. కొన్నాక తేడా తెలిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

నింపిన రవ్వ ఇప్పటికే ఇంట్లో ఉంటే స్టీమ్, అల్ట్రాసోనిక్ క్లీనింగ్‌కు ఇవ్వకండి. గోరువెచ్చని నీళ్ళు, కాస్త సబ్బు, మెత్తటి బ్రష్ చాలు. ఆచారి దగ్గరకు తీసుకెళ్తే, టార్చ్ వెలిగించకముందే రాయి తీసి పక్కన పెట్టమని చెప్పండి.