బోర్డ్ గేమ్స్ లైవ్ రేడియో షో – 4వ పాఠం: బోర్డుని చెవికి చూపించడం

పోయిన పాఠంలో మైకుకి బెత్తెడు దూరంలో కూర్చోవడం, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మాట్లాడడం అలవాటు చేసుకున్నాం. మీ పాత ఎపిసోడ్ ఒకటి మొదటి నుంచి చివరిదాకా వినమని కూడా చెప్పాను. విన్నవాళ్ళకి ఒకటి తట్టే ఉంటుంది. గొంతు బాగానే వినిపిస్తోంది, ఆట మాత్రం కళ్ళకి కట్టడం లేదు.

బోర్డు మీ ముందుంది, వినేవాళ్ళ ముందు లేదు. స్టూడియోలో నలుగురూ "అబ్బ, ఇక్కడ పెట్టుంటే అయిపోయేది" అనుకుంటూ నవ్వుతుంటే, బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటున్న మనిషికి ఏమీ అర్థం కాదు. అందుకే లైవ్‌లో ఉన్నంతసేపూ "ఇక్కడ", "అక్కడ", "ఇది" అనే మూడు మాటలు మీ నోట రాకుండా చూసుకోండి. మొదట్లో నేను వీటిని కాగితం మీద రాసి మైకు స్టాండుకి అంటించుకున్నాను.

పులిజూదం తీసుకుందాం. చాలామంది ఇలా మొదలుపెడతారు: "ఇందులో 23 చోట్లు, 3 పులులు, 15 మేకలు. మేకలన్నీ దించాకే అవి కదలాలి. పులి మేక మీంచి దూకితే మేక పోయినట్టు." అన్నీ నిజాలే, కానీ విన్నాక మనసులో ఏ బొమ్మా నిలవదు. ఇప్పుడు ఇలా చెప్పి చూడండి:

"గుడి అరుగు మీద సుద్దతో కొండలాంటి ముక్కోణం గీశారనుకోండి. కొన మీద పులి కూర్చుంది. దాని కిందే మీ మేక. ఆ మేక వెనకాల చోటు ఖాళీ. పులి ఒక్క దూకు దూకి ఆ ఖాళీలో వాలింది, మీ మేక పోయింది. అదే ఆ ఖాళీలో ముందే ఇంకో మేకని పెట్టుంటే? పులి దూకలేకపోయేది."

కొండ, పులి, మేక, ఖాళీ. నాలుగే వస్తువులు, ఒకే ఎత్తు. అయినా ఆట ప్రాణమంతా అందులో ఉంది. వినేవాడు అప్పటికే మేకల పక్షాన కూర్చున్నాడు. ఇప్పుడు 3 పులులకి 15 మేకలని చెప్పండి, ఆ అంకెలు గుర్తుంటాయి. ముందు ఒక ఎత్తు, తర్వాతే రూల్స్. ఈ పాఠంలో ఒక్కటే గుర్తు పెట్టుకుంటానంటే, దీన్నే పెట్టుకోండి.

పాచికల ఆటల్లో ఇంకో సంగతుంది. 1995లో జర్మనీలో వచ్చిన కాటాన్‌లో రెండు పాచికలు వేస్తారు, పడిన అంకెని బట్టి గోధుమల్లాంటి సరుకుల కార్డులు చేతికొస్తాయి. మొత్తం 36 రకాలుగా పడతాయి. అందులో 7 పడే దారులు 6, 8 పడే దారులు 5, 12కి ఒక్కటే. "8 పడింది, గోధుమలు వచ్చాయి" అని అయిపోయాక చెబితే ఎవరికీ ఏమీ అనిపించదు. పాచికలు చేతిలో ఉండగానే చెప్పండి: "8 పడితే ఈమెకి కావలసిన గోధుమలు వస్తాయి. 7 పడిందా, దొంగ దిగుతాడు, చేతిలో 9 కార్డులున్నాయి కాబట్టి 4 పారేయాలి." అని ఆగండి. పాచికల చప్పుడు విననివ్వండి. ఆ రెండు సెకన్ల టెన్షన్ మీ షోకి పెద్ద ఆస్తి, దాని మీద మాట్లాడి పాడుచేయకండి. మైకు స్టాండు మాత్రం ఆడే బల్ల మీద పెట్టకండి. దడదడమని కొడుతుంది. బల్ల మీద దళసరి తువ్వాలు పరిస్తే గవ్వలైనా పాచికలైనా వినసొంపుగా ఉంటాయి.

ఆకాశవాణిలో క్రికెట్ కామెంటరీ విన్నవాళ్ళకి తెలుసు, స్కోరు చెబుతూనే ఉంటారు. టీ కొట్టు దగ్గర ఎవరు ఎప్పుడొచ్చి ఆగినా ఆట ఎక్కడుందో తెలిసేది. లైవ్ షోలోకి కూడా జనం మధ్యలోనే వస్తారు. ఐదారు నిమిషాలకోసారి ఏ ఆట, ఎవరు ముందున్నారు, ఇప్పుడు ఎవరి వంతు అన్నది రెండు వాక్యాల్లో చెప్పండి. మొదటి నుంచీ వింటున్నవాళ్ళు విసుక్కోరు.

ఇక ఆలస్యం సంగతి. ఇంటర్నెట్ రేడియోలో మీ మాట వినేవాళ్ళకి వెంటనే చేరదు. సర్వర్‌లోనూ వాళ్ళ ఫోన్‌లోనూ కొంత ఆడియో ముందుగా నిల్వ అవుతుంది కాబట్టి కొన్ని సెకన్లు, ఒక్కోసారి అర నిమిషం వెనకపడుతుంది. ఇది తెలియక నేను ఒకసారి "మీరైతే పులిని ఎటు జరుపుతారు?" అని అడిగి, జవాబుల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఎవరూ పలకలేదు. కంగారుపడి ఆట ముందుకు నడిపించేశాను. అప్పుడు వరసగా వచ్చాయి మెసేజీలు, అన్నీ దాటిపోయిన ఎత్తుకి. ఆ రోజు అంత ఇష్టంగా రాసినవాళ్ళకి నేను సరిగ్గా జవాబివ్వలేకపోయానన్న బాధ ఇంకా ఉంది. మీరు రెండో ఫోన్‌లో మీ షో పెట్టుకుని, మైకు ముందు చప్పట్లు కొట్టి, అది ఎన్ని సెకన్లకి వినిపిస్తుందో లెక్కపెట్టండి. ప్రశ్న అడిగాక అంతసేపూ రెండు వైపులా ఉన్న లాభనష్టాలు మాట్లాడుతూ ఉండండి. ఫోన్ చేసినవాళ్ళని మాత్రం ముందే అడగండి: "అమ్మా, పక్కన రేడియో కాస్త ఆపుతారా?"

ఈ వారం అభ్యాసం: మీకు నచ్చిన ఆటలో ఒక్క ఎత్తుని 90 సెకన్లలో రికార్డు చేయండి. ఆ ఆట ఎప్పుడూ చూడని మనిషికి వినిపించి, కాగితం, పెన్సిలు ఇచ్చి బోర్డు గీయమనండి. మధ్యలో సాయం చేయకండి. గీసిన బొమ్మలో ఏ భాగం తప్పిందో చూసి, ఆ వాక్యాన్నే మార్చి మళ్ళీ రికార్డు చేయండి. రెండు బొమ్మలూ దాచి ఉంచండి, 5వ పాఠంలో అతిథితో మాట్లాడేటప్పుడు వాటితో పనుంది.