పాత ఎక్స్‌బాక్స్‌తో ఆన్‌లైన్‌లో ఆడటం ఎలా?

2001లో వచ్చిన తొలి ఎక్స్‌బాక్స్ ఆట కన్సోల్‌కు మైక్రోసాఫ్ట్ తన లైవ్ అనే ఆన్‌లైన్ ఆట సేవను 2010 ఏప్రిల్ 15న ఆపేసింది. దూరాన ఉన్నవారితో ఆడే వీలు ఆ రోజుతో పోయిందనుకుని చాలామంది దాన్ని అటకెక్కించారు. పోలేదు. ఒకే ఇంట్లో రెండు కన్సోళ్లను తీగతో కలిపి ఆడే సిస్టమ్ లింక్ ఉంది కదా, దాన్ని ఇంటర్నెట్ మీదుగా సాగదీసే ఎక్స్‌లింక్ కాయ్ అనే ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది. ఈ అమరిక నేను ఎన్నోసార్లు చేశాను, ఇతరులు చెడగొట్టినవి అంతకంటే ఎక్కువసార్లు సరిచేశాను. చెడేది దాదాపు ఎప్పుడూ ఒకే చోట.

కావలసినవి: కన్సోల్, ఆట డిస్కు, కంప్యూటర్, రౌటర్, మామూలు ఈథర్‌నెట్ తీగలు రెండు. కన్సోల్ మదర్‌బోర్డు 1.6 రకానికి ముందుదైతే, మొదట దాని గడియారాన్ని నిలిపే కెపాసిటర్‌ను తీయించండి. అది కారి మదర్‌బోర్డు మీది రాగి గీతలను తినేస్తుంది. తీసేస్తే పోయేదల్లా కరెంటు ఆపినప్పుడు గడియారం సమయం మరచిపోవడమే.

1. కన్సోల్ నుంచి రౌటర్‌కు ఒక తీగ, కంప్యూటర్ నుంచి అదే రౌటర్‌కు రెండో తీగ పెట్టండి.

2. కాయ్‌ను కంప్యూటర్‌లో పెట్టుకుని, ఖాతా తెరవండి. ఫైర్‌వాల్ అడిగితే అనుమతించండి.

3. సెట్టింగుల్లో నెట్‌వర్క్ కార్డు (కంప్యూటర్‌ను నెట్‌వర్క్‌కు కలిపే భాగం) ఎంచుకోండి. ఇక్కడ ఆగి నిదానంగా చదవండి.

సిస్టమ్ లింక్ తెర తెరవగానే ఎక్స్‌బాక్స్ స్థానిక నెట్‌వర్క్ అంతటికీ వినబడేలా ఒక కేక వేస్తుంది. ఆ కేక ఒక ప్యాకెట్, అంటే చిన్న సమాచార మూట. దాని మీద పంపినవారి ఐపీ (నెట్‌వర్క్‌లో చిరునామా) 0.0.0.1 అని ఉంటుంది. అది ఇంటి రౌటర్ దాటి బయటికి పోదు. కాయ్ ఆ ఫ్రేమును (తీగ మీద ప్యాకెట్ ప్రయాణించే రూపం) ఉన్నది ఉన్నట్టుగా పట్టి, మరో ప్యాకెట్‌లో చుట్టి, అవతలి ఆటగాడి కంప్యూటర్‌కు పంపుతుంది. అక్కడి కాయ్ దాన్ని విప్పి, మీ ఎక్స్‌బాక్స్ మ్యాక్ చిరునామాతోనే (ప్రతి పరికరం నెట్‌వర్క్ భాగానికి ఉండే గుర్తింపు సంఖ్య) తమ నెట్‌వర్క్‌లోకి వదులుతుంది. మీ కన్సోల్ పక్కగదిలోనే ఉందని అవతలి కన్సోల్ నమ్ముతుంది.

అంటే కంప్యూటర్ తనకు రాయని ఫ్రేములను వినాలి, తనది కాని మ్యాక్ చిరునామాతో ఫ్రేములు పంపాలి. తీగ మీద రెండూ కుదురుతాయి. వైఫైలో కుదరవు. తన దగ్గర నమోదు కాని మ్యాక్ చిరునామాతో వచ్చిన ఫ్రేమును వైఫై పంచే యాక్సెస్ పాయింట్ పారేస్తుంది. సిగ్నల్ ఎంత బలంగా ఉన్నా, రౌటర్ ఎంత ఖరీదైనదైనా ఫలితం ఇదే. కాయ్‌లో స్నేహితులు కనబడతారు, చాట్ నడుస్తుంది, ఆటలోని జాబితా మాత్రం ఖాళీగా ఉంటుంది. అప్పుడు మనవాళ్లు డిస్కును తుడుస్తారు, ఆటను తిడతారు, రౌటర్‌లో పోర్టులన్నీ (బయటి సమాచారం లోపలికి వచ్చే ద్వారాలు) తెరుస్తారు. కంప్యూటర్‌కు తీగ పెట్టండి చాలు. కన్సోల్‌కు తీగ ఉంది కదా అని కంప్యూటర్‌ను వైఫై మీద వదిలేయకండి.

తీగ పెట్టాక కూడా జాబితాలో సరైన కార్డును మీ చేతులతోనే ఎంచుకోండి. ప్రోగ్రాం తనంతట తాను ఎంచుకునే అవకాశాన్ని నేను ఎప్పుడూ వాడను. వైఫై కార్డు, వీపీఎన్ కార్డు, వర్చువల్ మెషీన్ కార్డు అన్నీ అక్కడే ఉంటాయి, పేర్లూ ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. తీగ ఉన్న కార్డును ఎంచి, ప్రోగ్రాంను మళ్లీ మొదలుపెట్టండి. తర్వాత ఆటలో సిస్టమ్ లింక్ తెర తెరిచి ఉంచండి. కన్సోల్ మౌనంగా ఉంటే కాయ్‌కు వినడానికి ఏమీ ఉండదు. కన్సోల్ మ్యాక్ చిరునామా కాయ్‌లో కనబడాలి. కనబడేదాకా నాలుగో మెట్టు ఎక్కకండి.

ఎక్స్‌బాక్స్‌కు స్థిర ఐపీ ఇవ్వమని చెప్పేవారిని పట్టించుకోకండి. సిస్టమ్ లింక్ ఆ సెట్టింగును చూడనే చూడదు. స్థిర ఐపీ ఇవ్వాల్సింది కంప్యూటర్‌కు.

4. కాయ్ సెట్టింగుల్లో యూడీపీ పోర్టును 30000గా పెట్టి, రౌటర్‌లో అదే పోర్టును కంప్యూటర్ ఐపీకి మళ్లించండి. రౌటర్ చూపే బయటి చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, ఇంటర్నెట్ సంస్థ మిమ్మల్ని చాలామందితో కలిపి ఒకే చిరునామా వెనక ఉంచిందని అర్థం. అప్పుడు ఈ మళ్లింపు పనిచేయదు, మీ ఒక్కరికే చెందే పబ్లిక్ ఐపీ ఆ సంస్థను అడగాలి.

5. కాయ్‌లో మీ ఆట గదిలోకి వెళ్లి, కన్సోల్‌లో సిస్టమ్ లింక్ ఎంచుకోండి. లైవ్ కాదు.

లైవ్‌కు బదులుగా ఇన్సిగ్నియా అనే సర్వర్ ఉంది, మంచి ప్రయత్నమే. కానీ అది లైవ్ సదుపాయం ఉన్న ఆటలకే పనికొస్తుంది. మొదటి హేలో ఆటలో లైవ్ లేనే లేదు. 4 కన్సోళ్ల మీద 16 మంది ఆడే ఆ ఆటను దూరాన ఉన్నవారితో ఆడాలంటే సిస్టమ్ లింక్ దారే పట్టాలి. అందుకే నేను మొదట కాయ్ నేర్పుతాను.

హోస్టుగా, అంటే ఆటను తన కన్సోల్ మీద నడిపే మనిషిగా, అందరికీ మధ్యలో ఉన్నవారిని, అప్‌లోడ్ వేగం బాగా ఉన్నవారిని పెట్టండి. ఫైబర్‌లో వెలుగు ఒక మిల్లీసెకనులో దాదాపు 200 కిలోమీటర్లే పోతుంది, ఆ దూరాన్ని ఏ సెట్టింగూ తగ్గించలేదు. మీరే హోస్టయితే కంప్యూటర్ నిద్రలోకి జారే సెట్టింగును ఆపండి, వీపీఎన్ మూసేయండి, అప్పుడే ఆట మొదలుపెట్టండి.