పంటి ఎనామిల్‌కి తేనె, ప్రొపోలిస్, మైనం ఎలా వాడాలి?

పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళలో నిమ్మకాయ పిండుకుని, తేనె కలుపుకుని తాగి వెంటనే బ్రష్ పట్టుకునేవాళ్ళు చాలామందే ఉంటారు, నేనూ కొన్నేళ్ళు అదే చేశాను, చల్లనీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమని లాగడం మొదలయ్యాకే ఆపాను. తేనె మంచిదే కానీ దానికీ పులుపు గుణం ఉంది, పీహెచ్ (పులుపుని కొలిచే అంకె, ఎంత తగ్గితే అంత పులుపు) 4 దగ్గర్లో ఉంటుంది, నోట్లో పీహెచ్ 5.5 కిందకి దిగితే ఎనామిల్, అంటే పంటి పైనుండే గట్టి పొర, కరగడం మొదలవుతుంది, పైగా తేనెలో 80 శాతం దాకా చక్కెరలే. అలా మెత్తబడ్డప్పుడు బ్రష్ చేస్తే ఎనామిల్ అరిగిపోతుంది, అరిగిన ఎనామిల్ మళ్ళీ పెరగదండీ.

అందుకే ముందు ఈ అలవాటు మార్చుకోండి. తేనెతో పళ్ళు తోమొద్దు. తేనె నీళ్ళు తాగాలంటే ముందే బ్రష్ చేసేసుకోండి, చప్పరిస్తూ కూర్చోకుండా తాగేసి మామూలు నీళ్ళతో పుక్కిలించండి, ఆ తర్వాత అరగంట దాకా బ్రష్ జోలికి పోవద్దు.

పళ్ళకి నిజంగా పనికొచ్చేది ప్రొపోలిస్. తేనెటీగలు చెట్ల మొగ్గల దగ్గర, బెరడు మీద బంక తెచ్చి మైనంతో కలిపి పట్టులో సందులు పూడ్చుకుంటాయి, అదే ఇది. పళ్ళు పుచ్చిపోయేలా చేసే బ్యాక్టీరియాని కొంత అదుపులో పెడుతుంది, అంతేగానీ ఎనామిల్‌ని మళ్ళీ కట్టదు. చుక్కల మందులా సీసాల్లో దొరుకుతుంది. ముందు మణికట్టు లోపలివైపు ఒక్క చుక్క రాసి ఒకరోజు చూడండి, దురదొచ్చినా ఎర్రబడినా వదిలేయండి, తేనెటీగల ఎలర్జీ, ఆస్తమా ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా వాడొద్దు. ఏమీ కాకపోతే సీసా మీద రాసినన్ని చుక్కలు కాసిని నీళ్ళలో వేయండి, నీళ్ళు పాలలాగా తెల్లగా మసకబారతాయి, భయపడకండి, అది బంక విడిపోవడమే. అర నిమిషం పుక్కిలించి ఉమ్మేయండి. గ్లాసు వెంటనే కడగండి, లేకపోతే గోధుమరంగు మరక పట్టేసి ఎంత తోమినా వదలదు.

మైనం సంగతి చిన్నదే, తేనెపట్టు ముక్క దొరికితే తేనె పోయేదాకా నమిలి, నోరు పుక్కిలించి, మిగిలిన మైనాన్ని ఇంకాసేపు నమలండి, లాలాజలం బాగా ఊరుతుంది, పులుపుని తగ్గించేది అదే.

ఇవన్నీ చేసినా రాత్రి ఫ్లోరైడ్ పేస్టుతో బ్రష్ మాత్రం మానొద్దు, నురగ ఉమ్మేసి వదిలేయండి, నీళ్ళతో కడిగేస్తే ఫ్లోరైడ్ పోతుంది.

ఇంకోటి, పళ్ళొస్తున్నాయని పసిపిల్లల చిగుళ్ళకి తేనె రాస్తుంటారు, దయచేసి రాయకండి, ఏడాది నిండని బిడ్డకి తేనెవల్ల బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు, అమ్మమ్మ చెప్పినా సరే, వేలికి అంటించి నాకించడం కూడా వద్దు.