డిజిటల్ బ్యాడ్జిలతో బోధన – 3వ పాఠం: షరతు రాయడం

తెలుగు ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక) టైపింగ్‌ను పోయిన పాఠంలో చిన్నచిన్న మెట్లుగా విడగొట్టుకున్నాం. ఈసారి మొదటి మెట్టుకి బ్యాడ్జి, అంటే ఆ పని వచ్చిందని ఆన్‌లైన్‌లో చూపించే గుర్తు బొమ్మ, తయారుచేద్దాం. బొమ్మ సంగతి తర్వాత, ముందు షరతు రాయాలి, అంటే ఏం చేస్తే బ్యాడ్జి వస్తుందో చెప్పాలి.

‘కీబోర్డుపై అవగాహన ఉన్నవారికి’ అని రాస్తే, అవగాహన ఉందో లేదో ఎవరు తేల్చాలి? చేసిన పని కంటికి కనిపించాలి. ఇన్‌స్క్రిప్ట్ మధ్య వరుసలో ఎడమచేతి కింద ఓత్వం, ఏత్వం, పొల్లు, గుడి, కొమ్ము ఉంటాయి. కుడిచేతి వైపు ప, ర, క, త, చ, ట. ఈ ఒక్క వరుసతోనే చిరుత, పరుపు, చేతికర్ర లాంటి మాటలు కొట్టేయొచ్చు. చేతికర్రలో ఒత్తు కూడా వచ్చేసింది చూడండి: ర కొట్టి, పొల్లు నొక్కి, మళ్లీ ర. అందుకే నేనైతే షరతు ఇలా రాస్తాను:

“మధ్య వరుసతోనే వచ్చే పది మాటలను కీబోర్డు చూడకుండా, తప్పు లేకుండా టైప్ చేయాలి. చేతులు, తెర రెండూ కనబడేలా ఫోన్‌లో వీడియో తీసి పంపాలి.”

ఇందులో వేగం అడగలేదు. దానికి వేరే బ్యాడ్జి ఉంటుంది. రెండూ ఒకదాంట్లోనే కుక్కితే నేర్చుకునేవాళ్లకి టెన్షన్, వాళ్లు ఎక్కడ ఆగిపోయారో మనకీ అంతుపట్టదు.

హాజరుకి మాత్రం దయచేసి బ్యాడ్జి ఇవ్వకండి. ఊరికే వచ్చి కూర్చున్నవాళ్లకీ, వేళ్లు నొప్పి పుట్టేదాకా సాధన చేసినవాళ్లకీ అదే బొమ్మ దక్కితే రెండోవాళ్లకి అన్యాయం చేసినట్టే. పైగా 2011లో మొజిల్లా (ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే సంస్థ) మొదలుపెట్టిన ఓపెన్ బ్యాడ్జిల పద్ధతిలో ఎవరు ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు, ఏ షరతు మీద ఇచ్చారు అనే వివరాలు బొమ్మతోపాటే వెళ్తాయి. రుజువు లింకు కూడా జతచేయొచ్చు. రేపు పనిలోకి తీసుకునేవాళ్లు బ్యాడ్జి తెరిస్తే, మీరు రాసిన షరతే చదువుతారు.

మూడుల్ (ఆన్‌లైన్ కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకి ఒక మాట. షరతు పెట్టాక యాక్సెస్ ఎనేబుల్ చేయాలి, అంటే బ్యాడ్జిని వాడుకలోకి తేవాలి, లేకపోతే బ్యాడ్జి ఎవరికీ రాదు. ఒకరికి ఇచ్చేశాక షరతు మార్చడం కుదరదు. కాబట్టి ముందే ఒకటికి రెండుసార్లు చదువుకోండి.

ఇక మీ అభ్యాసం. రెండో మెట్టు అచ్చులది. షిఫ్ట్ పట్టుకుని గుడి మీట నొక్కితే ఇ, కొమ్ము మీట నొక్కితే ఉ వస్తాయి. ఈ మెట్టుకి షరతు మీరే రాయండి. టైపింగ్ రాని ఒకరికి దాన్ని చదివి వినిపించి, ఏం చేస్తే బ్యాడ్జి వస్తుందో చెప్పమనండి. వాళ్లు తడబడిన చోట తిరగరాయండి. వచ్చిన వీడియోలను ఎలా సరిచూడాలో 4వ పాఠంలో చూద్దాం.