డిగ్రీ అయ్యాక ఆర్మీనా, నేవీనా, ఎయిర్‌ఫోర్సా: ఎట్టా తేల్చుకోవాలి

"అన్నా, డిగ్రీ అయిపోవచ్చింది, మిలటరీలోకి పోదామనుంది, ఆర్మీ మంచిదా నేవీ మంచిదా?" అని నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు పిల్లలు అడుగుతుంటారు. ఏది మంచిదన్నది తర్వాత. ముందు నేను ఎదురు అడిగేది ఒకటే: ఇంటర్‌లో ఏ గ్రూపు? చాలామంది విషయంలో ఇది డిగ్రీలో తేలేది కాదు, పదో తరగతి అయిన ఎండాకాలం సెలవుల్లోనే సగం తేలిపోయి ఉంటుంది. ఆ సంగతి అప్పుడు మనకీ తెలియదు, కాలేజీలో చేర్పించిన నాన్నకీ తెలియదు. కాబట్టి మనకి ఏ దారులు తెరిచి ఉన్నాయో ముందు చూసుకుని, ఇష్టాయిష్టాలు ఆ తర్వాత మాట్లాడుకుందాం.

పైలట్ కావాలంటే ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండి తీరాలి. ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు ఆఫీసర్ల కోసం పెట్టే ఏఎఫ్‌క్యాట్ పరీక్షలో ఫ్లయింగ్ బ్రాంచికి ఆ రెండిట్లో విడివిడిగా 50 శాతం, పైన డిగ్రీలో 60 శాతం అడుగుతారు. బైపీసీ చదివి బీఎస్సీ చేసినవాళ్ళకి ఆ తలుపు మూసేసినట్టే, దాని గురించి బాధపడుతూ ఏడాది పోగొట్టుకోవద్దు. సీడీఎస్ అని యూపీఎస్సీ పెట్టే ఆఫీసర్ల పరీక్ష రాసి నావల్ అకాడమీకి పోవాలంటే ఇంజనీరింగ్ డిగ్రీ కావాలి. బీఏ, బీకాం వాళ్ళకి మిగిలేవి కూడా తక్కువేం కాదు: ఆర్మీ ఆఫీసర్లకి ట్రైనింగ్ ఇచ్చే అకాడమీలు రెండు, డెహ్రాడూన్‌లోని ఐఎంఏకీ, చెన్నైలోని ఓటీఏకీ ఏ డిగ్రీ అయినా సరిపోతుంది, ఎయిర్‌ఫోర్స్‌లో అడ్మినిస్ట్రేషన్ లాంటి గ్రౌండ్ డ్యూటీకి 60 శాతం ఉంటే చాలు. బీటెక్ వాళ్ళకి అన్నీ తెరిచే ఉంటాయి, పైగా ఆర్మీలో టీజీసీ, ఎస్ఎస్‌సీ టెక్ అని రాతపరీక్షే లేకుండా ఇంజనీరింగ్ మార్కుల మీద నేరుగా ఇంటర్వ్యూకి పిలిచే ఎంట్రీలున్నాయి. మన జిల్లాల్లో ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలు ఉండి కూడా ఈ ముక్క తెలిసినవాళ్ళు తక్కువ. బ్యాక్‌లాగులు లేకుండా, పర్సంటేజీ పడిపోకుండా చూసుకున్నవాడికి అది రాజమార్గం. కాలేజీలో ఎన్‌సీసీ చేసి సి సర్టిఫికెట్ బి గ్రేడుతో తెచ్చుకున్నవాళ్ళకీ, డిగ్రీలో 50 శాతం ఉంటే, రాతపరీక్ష లేని స్పెషల్ ఎంట్రీ ఉంది. లా చదివినవాళ్ళకి ఆర్మీలో న్యాయ వ్యవహారాలు చూసే జాగ్ బ్రాంచి ఉంది.

గ్రూపు తర్వాత వయసు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. పరీక్ష రాసే రోజుకి మన వయసెంత అని చూసుకుంటారు గానీ, సీడీఎస్‌లో లెక్క కోర్సు మొదలయ్యే నాటికి. ఐఎంఏకి 19 నుంచి 24, ఓటీఏకి 25 దాకా, ఏఎఫ్‌క్యాట్‌లో ఫ్లయింగ్‌కి 24, గ్రౌండ్ డ్యూటీకి 26, టీజీసీకి 27. సీడీఎస్ ఏడాదికి రెండుసార్లు, మామూలుగా ఏప్రిల్‌లో ఒకటి, సెప్టెంబర్‌లో ఒకటి. రాసినప్పటి నుంచి అకాడమీ గేటు దాటేసరికి తొమ్మిది నెలలో ఏడాదో పడుతుంది. ఫైనల్ ఇయర్‌లో ఉండగానే రాయొచ్చు, రాయాలి కూడా. "డిగ్రీ చేతికి రానీ, ఆరు నెలలు కోచింగ్ తీసుకుని అప్పుడు చూద్దాం" అంటే రెండు అవకాశాలు ఊరికే పోయినట్టే. ఇంకొకటి, ఇంట్లో సంబంధాలు చూస్తుంటే కొన్నాళ్ళు ఆపమని చెప్పండి. ఈ ఎంట్రీల్లో చాలావాటికి పెళ్ళి కాకుండా ఉండాలి, ట్రైనింగ్‌లో ఉండగా చేసుకోవడానికీ లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. నా మటుకు నాకు ఆర్మీనా నేవీనా అన్నదానికన్నా ఆఫీసరుగానా, అగ్నివీర్‌గానా (అంటే నాలుగేళ్ళ జవానుగానా) అన్నదే పెద్దది. డిగ్రీ చదివినవాడు ముందు ఆఫీసర్ దారి చూడాలి. లెక్క చూడండి. కొత్తగా చేరిన ఆఫీసరు, అంటే లెఫ్టినెంట్‌కి బేసిక్ 56,100, దాని మీద మిలటరీ సర్వీస్ పే 15,500, ఆ పైన డీఏ, మిగతావి. అగ్నివీర్లని తీసుకునే స్కీమ్, 2022 జూన్‌లో వచ్చిన అగ్నిపథ్‌లో మొదటి ఏడాది నెలకి 30,000 అంటారు గానీ అందులో 9,000 నిధికి పోయి చేతికి 21,000 వస్తుంది. నాలుగో ఏడాది 40,000లో చేతికి 28,000. నాలుగేళ్ళు అయ్యాక సేవానిధి కింద వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షలు ఇస్తారు, పెన్షన్ లేదు, నూటికి 25 మంది దాకానే రెగ్యులర్‌గా ఉంచుకుంటారు. అగ్నివీర్ తక్కువని నేననను. గిద్దలూరు వైపు ఊళ్ళకి మిలటరీ కొత్త కాదు, జవానుగా చేరి ఇల్లు నిలబెట్టినవాళ్ళని అక్కడ చూస్తూనే ఉంటాం. కానీ స్కీమ్ మొదలైనప్పుడు పెట్టిన వయసు 17½ నుంచి 21, డిగ్రీ అయ్యేసరికి ఆ కిటికీ దాదాపు మూసుకుపోతుంటుంది, ఆ హడావుడిలో ఆఫీసర్ దారి ఉందన్న సంగతే గుర్తుకు రాదు. అగ్నివీర్‌కే పోతామంటే నెల్లూరు, ప్రకాశం రెండూ గుంటూరు రిక్రూటింగ్ ఆఫీసు కిందకి వస్తాయి. ర్యాలీలో 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో కొడితే 60 మార్కులు, పది పులప్స్‌కి 40. మైపాడు ఇసకలో, కొత్తపట్నం ఇసకలో పరిగెత్తితే కాళ్ళకి బలం వస్తుంది, నిజమే, కానీ టైమింగ్ మాత్రం ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం లాంటి గట్టి నేల మీద స్టాప్‌వాచ్ పెట్టుకునే చూసుకోవాలి.

ఆఫీసర్‌లో కూడా రెండు రకాలు. ఐఎంఏ అంటే పర్మనెంట్ కమిషన్, రిటైరయ్యేదాకా ఉద్యోగం; ఓటీఏ అంటే షార్ట్ సర్వీస్, పదేళ్ళు, కావాలంటే ఇంకో నాలుగేళ్ళు. షార్ట్ సర్వీస్‌లో పదేళ్ళకో పద్నాలుగేళ్ళకో బయటికి వస్తే పెన్షన్ ఉండదు, అప్పటికి ముప్పై ఐదు దగ్గర పడుతుంటాయి, పిల్లలు స్కూల్లో ఉంటారు. తర్వాత ఏం చేస్తామన్నది సర్వీసులో ఉండగానే ఆలోచించగలిగితే అది మంచి బేరమే. సీడీఎస్‌లో ఓటీఏకి మ్యాథ్స్ పేపర్ కూడా లేదు, ఇంగ్లిషు, జీకే రెండే. అమ్మాయిలకి సీడీఎస్‌లో తెరిచి ఉన్నది ఓటీఏ ఒక్కటే. కాకపోతే 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక వాళ్ళకీ పర్మనెంట్ కమిషన్ దారి విశాలమైంది. ఏఎఫ్‌క్యాట్‌లో ఫ్లయింగ్‌తో సహా అన్నిటికీ అమ్మాయిలు రాయొచ్చు.

సరే, రెండు మూడు దారులు తెరిచే ఉన్నాయనుకుందాం. అప్పుడు యూనిఫాం రంగు చూసి కాదు, మామూలు మంగళవారం నాడు ఏం పని చేస్తామన్నది చూసి ఎంచుకోవాలి. ఆర్మీ అంటే మనుషులతో పని. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళకే ముప్పై మంది జవాన్లని చేతిలో పెడతారు, వాళ్ళలో మనకన్నా పదిహేనేళ్ళు పెద్ద సుబేదార్ ఉంటాడు. ఒకడికి ఊళ్ళో పొలం తగాదా, ఇంకొకడికి భార్యకి ఒంట్లో బాగాలేదు, అవన్నీ వినాలి, పొద్దున్నే వాళ్ళతో పాటు పరిగెత్తాలి, అదీ హిందీలో. హిందీ రాదని భయపడొద్దు, ఆరు నెలల్లో అదే వస్తుంది. కానీ మనుషుల గోల పడదు, నాకు మెషీన్లే ఇష్టం అనేవాడికి ఇన్‌ఫాంట్రీ, అంటే కాల్బలం, నరకం. అలాంటివాళ్ళకి ఆర్మీలోనే కమ్యూనికేషన్ పని చూసే సిగ్నల్స్, యంత్రాల రిపేర్లు చూసే ఈఎంఈ ఉన్నాయి. అయితే ఏ ఆర్మ్, అంటే ఏ విభాగం అన్నది మన ఇష్టంతో పాటు మెరిట్‌నీ ఖాళీలనీ బట్టి అకాడమీలో తేలుతుంది, ముందే రాసి ఇవ్వరు.

నేవీలో ఓడ ఎక్కాక అదే ఊరు. రోజుల తరబడి ఫోన్ సిగ్నల్ ఉండదు, గదులు ఇరుకు, వాచ్ డ్యూటీ అర్ధరాత్రి పడుతుంది, కొందరికి సముద్రం కడుపులో తిప్పుతూనే ఉంటుంది. తీరంలో ఉన్నప్పుడు మాత్రం ఉండేది ఎక్కువగా విశాఖ, ముంబై, కొచ్చి లాంటి పెద్ద ఊళ్ళలో. పిల్లల చదువులకీ అమ్మానాన్నలు వచ్చి పోవడానికీ ఇంతకన్నా సుఖం ఆర్మీలో దొరకదు. మనవాళ్ళకి విశాఖ పడితే రాత్రి రైలెక్కితే పొద్దుటికి ఇల్లే.

ఎయిర్‌ఫోర్స్ అంటే అందరూ పైలట్ అనే అనుకుంటారు. అద్దంకి వైపు కొరిశపాడు దగ్గర హైవే మీద 2022 డిసెంబర్‌లో, మళ్ళీ 2024 మార్చిలో యుద్ధ విమానాలు ట్రయల్స్‌కి వచ్చినప్పుడు చూసినవాళ్ళకి ఆ చప్పుడు చెవుల్లోంచి పోయి ఉండదు. కానీ ఒక్క విమానం ఎగరడానికి కింద చాలామంది పనిచేస్తారు, ఎయిర్‌ఫోర్స్‌లో ఎక్కువమంది వాళ్ళే. టెక్నికల్, లాజిస్టిక్స్, అకౌంట్స్, అడ్మిన్, వాతావరణం. క్రమశిక్షణ ఉన్న టెక్నికల్ ఉద్యోగం, క్యాంపస్‌లో కుటుంబంతో ఉండటం, ఇవి కావాలంటే నేను దాన్నే చెబుతాను. ఫ్లయింగ్‌కి పోయేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి: సీపీఎస్ఎస్ అనే పైలట్ సెలక్షన్ టెస్ట్ జీవితంలో ఒక్కసారే. నిద్ర లేకుండా, జ్వరంతో ఆ టెస్టుకి పోవద్దు.

మనవాళ్ళు అస్సలు తలవనిది కోస్ట్‌గార్డ్. ఇదీ రక్షణ శాఖ కిందే ఉంటుంది, మన కృష్ణపట్నంలో స్టేషన్ కూడా ఉంది. తుపాను టైంలో వేటకి పోయి చిక్కుకున్న బోట్లని వెతికేది వీళ్ళే. చిన్న ఫోర్సు, అసిస్టెంట్ కమాండెంట్ పోస్టులకి నోటిఫికేషన్ వేరే వస్తుంది, యుద్ధం కన్నా రక్షించే పని మీద మనసున్నవాడికి సరిగ్గా సరిపోతుంది. సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్ మాత్రం మిలటరీ కాదు, హోం శాఖ కింద ఉండే బలగాలు. డిగ్రీతో యూపీఎస్సీ సీఏపీఎఫ్ పరీక్ష రాసి వాటిలో ఆఫీసరుగా పోవచ్చు, రెండో దారిగా పక్కన పెట్టుకోండి.

ఏ దారిలో పోయినా, కోస్ట్‌గార్డ్, సీఏపీఎఫ్ వదిలేస్తే, ఆఫీసర్ కావాలంటే ఎస్ఎస్‌బీ అనే ఇంటర్వ్యూ దాటాలి. ఐదు రోజులు, మనవాళ్ళకి ఎక్కువగా బెంగళూరో, మైసూరో, విశాఖో, కోయంబత్తూరో పడుతుంది. మొదటి రోజే బొమ్మ చూపించి కథ రాయించి, గుంపులో మాట్లాడించి సగానికి పైగా మందిని మధ్యాహ్నానికే బస్సెక్కించేస్తారు. తెలుగు మీడియం పిల్లలు అక్కడ నోరు విప్పకుండా వెనక్కి వస్తుంటారు, నా బాధంతా దాని గురించే. పద్నాలుగు పదిహేను మంది కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చుంటారు, ఢిల్లీ కుర్రాడు మొదలుపెట్టగానే అందరూ ఒక్కసారే అరుస్తారు. చేపల మార్కెట్టే. ఆ గోలలో అరవక్కర్లేదు. ఎవరైనా ఊపిరి పీల్చుకునే సందు చూసి, చిన్న చిన్న ఇంగ్లిషు వాక్యాల్లో "ఈ బొమ్మలో ముగ్గురున్నారని అందరం ఒప్పుకున్నాం కదా, ఇక ఏం జరుగుతోందో తేలుద్దాం" అన్నంత చెప్పినా మీరు కనపడతారు. యాస ఎవరికీ అక్కర్లేదు. ఇంట్లో రోజూ పది నిమిషాలు, పేపర్లో ఒక వార్త చదివి, పుస్తకం మూసేసి, దాన్ని ఇంగ్లిషులో పైకి చెప్పండి. తమ్ముడు నవ్వినా ఆపొద్దు.

రెండో రోజు పదిహేను సెకన్లకి ఒక మాట చొప్పున అరవై మాటలు తెర మీద చూపిస్తారు, ఒక్కోదానికి వాక్యం రాయాలి. కోచింగ్ సెంటర్లలో బట్టీ పట్టించిన వాక్యాలు అక్కడ పనిచేయవు, ఇరవయ్యో మాటకే అయిపోతాయి. మిగతా నలభై మన బుర్రలోంచే వస్తాయి, వాళ్ళు చూసేదీ వాటినే. ఫెయిలైతే సిగ్గుపడాల్సిన పనేం లేదు, వయసు ఉన్నంతవరకు మళ్ళీ పోవచ్చు, ఒక ఎంట్రీకి మొదటిసారి పోయినప్పుడు రైలు ఖర్చు కూడా వాళ్ళే ఇస్తారు. బెంగళూరుకి నెల్లూరు నుంచి శేషాద్రి, మార్కాపురం, గిద్దలూరు వాళ్ళకి ప్రశాంతి ఉన్నాయి. రిపోర్టింగ్ రోజు పొద్దున దిగేట్టు కాకుండా ముందు రోజే చేరండి.

శరీరం సంగతి ముందే తేల్చుకోవాలి, అన్నీ పాసయ్యాక మెడికల్స్‌లో పోతే ఆ ఏడుపు చూడలేం. కంటి డాక్టరు దగ్గరికి పోయి కలర్ విజన్ టెస్టు చేయించుకోండి. పైలట్‌కి ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లు, కాళ్ళ పొడవు కూడా కొలుస్తారు. పచ్చబొట్టు ముంజేతి లోపలివైపో, అరచేతి వెనకో తప్ప ఇంకెక్కడున్నా చిక్కే, జాతరలో సరదాకి భుజం మీద వేయించుకోకండి. చదునుపాదాలు, మోకాళ్ళు తగులుకోవడం, చెవిలో గుమిలి, ఇవన్నీ చూస్తారు. చివరిది రెండు నిమిషాల పని, ఊళ్ళోనే చేయించుకుని పోవచ్చు. "మెడికల్‌లో మనోళ్ళున్నారు, రెండు లక్షలు కొట్టు" అనేవాడు కనపడితే నంబర్ బ్లాక్ చేయండి. అప్పీల్‌కి దారి వాళ్ళ కాగితాల్లోనే రాసి ఇస్తారు, దానికి బ్రోకర్ అక్కర్లేదు.

సీడీఎస్‌కి అప్లై చేసేటప్పుడు సెంటర్ మనకి తిరుపతి, విజయవాడ దగ్గర. ముందు పెట్టినవాళ్ళకే దొరుకుతాయి కాబట్టి ఆఖరి రోజు దాకా ఆగొద్దు. పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉండాలి, పుట్టిన తేదీకి వాళ్ళు చూసేది కూడా ఆ మెమోనే. మనవాళ్ళకి మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, డిగ్రీ సర్టిఫికెట్‌లో వెనక్కి పోతుంది. ఈ వారమే మూడూ పక్కపక్కన పెట్టి చూడండి, తేడా ఉంటే ఆధార్‌ని మెమోకి తగ్గట్టు మార్పించుకోండి. నోటిఫికేషన్ వచ్చాక ఆధార్ సెంటర్ చుట్టూ తిరుగుతూ టెన్షన్ పడేవాళ్ళే ఎక్కువ.