చిన్నపిల్లలకి కోపం, ఏడుపు తట్టుకోవడం ఎలా నేర్పాలి

ముందే చెప్తున్నా, పిల్లాడు ఏడుస్తూ అరుస్తున్నప్పుడు క్లాసు పీకకండి, అప్పుడు ఏం చెప్పినా బుర్రకెక్కదు, ఆవేశాన్ని ఆపే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగడానికే దాదాపు 25 ఏళ్లు పడుతుంది, ఇంక ఆరేడేళ్ల వాళ్ల సంగతేంటి.

నేర్పేది మామూలుగా ఉన్నప్పుడే. మొదట పేర్లు. కోపం ఒక్కటే కాదు, ఉక్రోషం, భయం, సిగ్గు, దిగులు ఇవన్నీ వేరువేరని రోజూ మాటల్లో వాడుతుండాలి, "నీ వంతు రాలేదని ఉక్రోషమొచ్చిందా?" అని అడగండి, కాదు అని వాడే దిద్దినా మంచిదే. ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో కూడా అడగాలి, పిడికిళ్లు బిగుసుకున్నాయా, కడుపులో ఏదోలా ఉందా అని.

తర్వాత ఊపిరి. పడుకోబెట్టి పొట్టమీద చిన్న బొమ్మ పెట్టి అది మెల్లగా లేచి దిగేలా ఆడించండి, 3 లెక్కపెడుతూ పీల్చి 5 లెక్కపెడుతూ వదలాలి, రోజూ రెండు నిమిషాలు చాలు.

కోపం రావడం తప్పు కాదు, కొట్టడం తప్పు, ఈ తేడా గట్టిగా చెప్పాలి. మనమే కేకలేస్తూ "కామ్‌గా ఉండు" అంటే (నేనూ అన్నాలెండి) పనవ్వదు, "నాకు చిరాగ్గా ఉంది, కాసేపాగి మాట్లాడతా" అని పైకే అనండి, వాళ్లు అదే కాపీ కొడతారు.

వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, స్కూలంటేనే వణికినా కౌన్సిలర్‌కి చూపించండి.